మాణిక్యంగారి చీకటి కెమెరా

మాణిక్యంగారు మొదటిసారి మా ఇంటి తలుపు కొట్టింది స్టూలు కోసం. మా ఆయన పోయి అప్పటికి పదిహేడు రోజులు. దినాలకి వచ్చినవాళ్ళంతా రైళ్ళెక్కి వెళ్ళిపోయారు. ఇంట్లో నేనూ మా అమ్మాయి అక్షరా మిగిలాం. సాయంత్రం ఏడవుతోంది. తలుపు తీస్తే ఎదురుగా ఒక పెద్దమనిషి. యాభై దాటి ఉంటాయి. చొక్కా జేబులో మూడు స్క్రూడ్రైవర్లు, భుజానికి స్కూలు పిల్లల బ్యాగు, మెడలో దండలాగా వైరు చుట్ట.

"స్టూలు ఉంటే ఇప్పిస్తారా అమ్మా? నిచ్చెన ఒక మెట్టు తక్కువొచ్చింది" అన్నారు తెలుగులో.

ఇక్కడ గడప దగ్గర తెలుగు వినడమే అరుదు. వంటింట్లో స్టూలు తెచ్చి ఇచ్చాను. గల్లీలో పదహారు ఇళ్ళున్నాయి. స్టూలు ఎవరైనా ఇస్తారు. కింద ఇళ్ళు వదిలేసి మెట్లెక్కి మా ఇంటికే ఎందుకొచ్చారో నాకు రెండు వారాల తర్వాత తెలిసింది.

మేముండేది గురుగ్రామ్‌లో, పాత ఊరి వైపు. గల్లీ మొదట్లో ఇనప గేటు, గేటు పక్కన గార్డు రఘువీర్ కూర్చునే రేకుల గది, స్తంభం మీద కెమెరా. పెద్ద రోడ్డు మీంచి గల్లీలోకి తిరిగే మలుపు మా బాల్కనీలోంచి కనబడుతుంది. మా ఆయన రాజగోపాల్‌గారు మానేసర్‌లో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. రెండో షిఫ్టు. రాత్రి ఒంటిగంటకి స్కూటరు మీద వచ్చేవారు. మలుపులో ఒక్కసారి చిన్నగా హారన్ కొట్టేవారు. అది గార్డుకి కాదు, నాకు. అన్నం వేడిచెయ్యమని.

మే ఇరవయ్యో తారీకు రాత్రి హారన్ వినబడింది. నేను స్టవ్ వెలిగించాను. ఆ వెనకే ఇంకో చప్పుడు వినబడింది.

వేసవిలో ఇక్కడ నీళ్ళ ట్యాంకర్లు రాత్రిళ్ళే తిరుగుతాయి. ఒక ట్యాంకరు మలుపు మరీ దగ్గరగా తీసింది. తీసి ఆగలేదు. నేను చెప్పులు లేకుండా పరిగెత్తాను. ఆస్పత్రికి తీసుకెళ్ళారు గాని అది పేరుకే.

మర్నాడు ఆ వీడియో గల్లీ కమిటీ ప్రధాన్ భరద్వాజ్‌గారి ఫోన్లో అందరూ చూశారు. నాకు చూపించొద్దన్నారు. నేను చూశాను. పగల్లా ఉంది. వేపాకులు కనబడ్డాయి. క్యారేజీ దొర్లుకుంటూ వెళ్ళి కాలవ పక్కన ఆగడం కనబడింది. ట్యాంకరు ముందు దీపాలు రెండూ ఒక్కలా లేవు, ఒకటి పసుపు, ఒకటి తెలుపు. వెనకాల ఎక్కే మెట్లకి గుడ్డ పీలిక కట్టి ఉంది. దాని కింద నంబరు ఉండాల్సిన చోట ఒక తెల్లటి ముక్క. దీపం వెలిగించి పెట్టినట్టు తెల్లగా, ఒక్క అంకె లేకుండా.

ఎస్సై మంచిగానే మాట్లాడాడు. "నంబర్ లేకుండా నేనేం చెయ్యను దీదీ? ఈ జిల్లాలో ఎన్ని ట్యాంకర్లున్నాయో నాకే తెలీదు. నెలాఖరుకి ఫైలు కోర్టుకి పంపాలి. బండి దొరకలేదు అని రాసి పంపడమే" అన్నాడు.

జూన్ ఆఖరు. అంతవరకే గడువు. డబ్బు గురించి కాదు నా బాధ. మా ఆయన్ని తొక్కించిన బండి రోజూ నీళ్ళు మోసుకుంటూ, ఎవరి ఇంటి ముందో ఆగి గొట్టం విప్పుతూ తిరుగుతుంది, దానికి పేరు లేదు అని కోర్టువాళ్ళు కాయితం మీద ముద్ర వేస్తారు. అది నాకు మింగుడుపడలేదు.

స్టూలు తిరిగివ్వడానికి వచ్చినప్పుడు మాణిక్యంగారిని అడిగాను, గేటు దగ్గర ఏం చేస్తున్నారని.

"రాత్రిపూట బళ్ళ నంబర్లు కనబడేలా కెమెరా సర్దుతున్నానమ్మా."

"ఇప్పుడా?" అన్నాను. 

ఆయన స్టూలు గోడకి ఆనించి పెట్టారు. "ఆ ట్యాంకరు ఈ దారిన మళ్ళీ వస్తుందమ్మా. నీళ్ళ బళ్ళు దారి మార్చుకోవు, అవే బోర్లు, అవే గిరాకీలు. వచ్చిన రోజున చదవాలి" అన్నారు.

నేను లోపలికి రమ్మన్నాను. టీ పెట్టాను. అన్నం తింటారా అంటే మొహమాటపడి తిన్నారు. అలా మొదలైంది.

మాణిక్యంగారిది నర్సీపట్నం దగ్గర పల్లె. ఇరవై నాలుగేళ్ళ కిందట డిష్ యాంటెన్నాలు బిగించే పనికి ఢిల్లీ వచ్చారట. యాంటెన్నాల పని పోయాక కెమెరాలు. బేర్ సరాయ్‌లో మూడో అంతస్తులో ఒక గది. చుట్టూ పరీక్షలకి చదువుకునే తెలుగు పిల్లల హాస్టళ్ళు. వాటన్నిటికీ కెమెరాలు పెట్టింది ఈయనే. పిల్లలు కెమెరా అంకుల్ అంటారు. "వాళ్ళు సిగరెట్లు ఎక్కడ కాలుస్తారో నాకు తెలుసు. వాళ్ళకి కెమెరా ఎంతవరకు చూస్తుందో తెలుసు. ఒకరి జోలికి ఒకరం పోం" అన్నారు ఒకసారి.

భార్య మైథిలిగారు ఊళ్ళోనే, తల్లిని చూసుకుంటూ ఉండిపోయారు. ఆ ఇంటి వరండాలో కూడా ఒక కెమెరా పెట్టారట. "పొద్దున్నే మా ఆవిడ ముగ్గేస్తుంటే ఇక్కణ్ణుంచి చుక్కలు లెక్కపెడతానమ్మా. ఒక చుక్క తప్పిందని ఫోన్ చేసి చెప్పాను. ఆ రోజు నుంచి కెమెరా మీద తువ్వాలు కప్పి ముగ్గేస్తోంది." అక్షర నవ్వింది. వాళ్ళ నాన్న పోయాక అది నవ్వడం అదే మొదలు. నవ్వి, వెంటనే లేచి లోపలికి వెళ్ళిపోయింది.

గల్లీలో సాయంత్రాలు ఆయన గొంతు వినబడేది. నిచ్చెన మీంచి రఘువీర్‌తో వేళాకోళం. "రఘువీర్ భయ్యా, ఈ కెమెరా కంటే నువ్వే నయం. ఇది రాత్రే గుడ్డిది. నువ్వు పగలు కూడా కళ్ళు మూసుకునే కాపలా కాస్తావ్."

"నా జీతానికి ఒక కన్నే తెరుస్తాను అంకుల్" అనేవాడు రఘువీర్.

నంబరు తెల్లగా ఎందుకయిందో నాకు కూర్చోబెట్టి చెప్పింది మాణిక్యంగారే. మా వంటింటి స్టీలు పళ్ళెం తీసుకుని, గదిలో లైటు ఆర్పి, ఫోను దీపం దాని మీద వేశారు. పళ్ళెం భగ్గున మెరిసింది.

"ఇందులో మీ పేరు చెక్కి ఉంది కదా, కనబడుతోందా?"

"లేదు."

"నంబరు ప్లేటు మీద ఇలాంటి మెరిసే పొర ఉంటుందమ్మా. ఎటునుంచి వెలుగొస్తే అటే తిప్పికొడుతుంది. కెమెరా చుట్టూ చిన్న చిన్న దీపాలుంటాయి, ఆ వెలుగు మన కంటికి ఆనదు. ఆ వెలుగే ప్లేటుకి తగిలి కెమెరా మొహాన కొడుతుంది. పైగా బండి కదులుతుంటుంది. కెమెరా రెప్ప నిదానంగా వేస్తే అంకెలన్నీ అలుక్కుపోతాయి. దీపం తగ్గించాలి. రెప్ప చటుక్కున వెయ్యాలి." ఫోను వెలుగు తగ్గిస్తూ వచ్చారు. గది నల్లబడింది. పళ్ళెం అంచున లక్ష్మీకుమారి అని నా పేరు తేలింది. మా అమ్మ పెళ్ళికి చెక్కించిన పళ్ళెం.

"చీకటి చేస్తేనే చదవగలం. ఇది జనానికి ఎక్కదమ్మా. కెమెరా అంటే వెలుగ్గా కనబడాలంటారు."

పగలు ఆ పని కుదరదు. చీకటి పడ్డాక బళ్ళ దీపాలు ఎదురొస్తుంటే చూసి సర్దాలి. రెండు రాత్రులు నిచ్చెన ఎక్కి దిగారు. కెమెరా మూతి కొంచెం కిందికి, కొంచెం పక్కకి తిప్పి, కిందికి దిగి ఫోన్లో చూసుకుని, మళ్ళీ ఎక్కేవారు. కుడి మోకాలు వంగదు ఆయనకి. మెట్టు మెట్టుకీ ఎడమకాలే ముందు. పోయే బళ్ళు ఒక్క క్షణం కనబడి పోతాయి, దాన్ని బట్టి సర్దడం కుదరడం లేదన్నారు. అట్టముక్క మీద అంకెలు రాసి తెచ్చారు. "అట్ట మెరవదమ్మా. అసలు ప్లేటు కావాలి. మలుపు దగ్గర పట్టుకుని ఎవరైనా నిలబడాలి."

మా ఆయన స్కూటరు పోలీసు స్టేషన్లో ఉంది. నంబరు ప్లేటు మాత్రం ఊడి కాలవ పక్కన పడితే, రఘువీర్ మర్నాడు తెచ్చి ఇచ్చాడు. ఒక మూల వంగింది. తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టాను. తీసుకొచ్చాను.

"మమ్మీ, ప్లీజ్. తుమ్ మత్ జావో. మైఁ జాతీ హూఁ" అంది అక్షర.

"నేనే వెళ్తాను, నువ్వుండు" అన్నాను.

పదిన్నరకి మలుపు దగ్గరికి వెళ్ళాను. మా ఆయన పడ్డ చోటు నాకు తెలుసు. మున్సిపాలిటీవాళ్ళు మట్టి పోశారు గాని తెలుసు. అక్కడే నిలబడి ప్లేటు రెండు చేతులతో నడుం ఎత్తున పట్టుకున్నాను. మాణిక్యంగారు నిచ్చెన మీంచి చెబుతున్నారు. "ఇంకొంచెం కిందికి అమ్మా. ఎడమ పక్కకి వంచండి. కాస్త ఓర్చుకోండి." బళ్ళు నా పక్కనుంచి పోతున్నాయి. ఒక కుర్రాడు బైకు మీంచి ఏదో కేక వేసి పోయాడు. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ప్లేటు దించలేదు.

చివరికి ఆయన దిగి వచ్చి ఫోను చూపించారు. తెర అంతా నలుపు. గేటు లేదు, వేపచెట్టు లేదు, రోడ్డు లేదు. నేను లేను. ఆ నల్లటి దానిలో మా స్కూటరు నంబరు ఒక్కటీ గాలిలో నిలబడి ఉంది. అంకె అంకె చదవొచ్చు. వంగిన మూల కూడా తెలుస్తోంది.

నేను చాలాసేపు చూశాను. ఆయన ఫోను వెనక్కి అడగలేదు.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే మాణిక్యంగారు రాత్రి పోయిన ట్యాంకర్ల నంబర్లన్నీ చూసేవారు. అన్నీ వచ్చేవి. పసుపు దీపం, తెల్ల దీపం ఉన్న బండి మాత్రం రాలేదు. ఒక వారం అయింది. పది రోజులయింది. రాత్రి మెట్రో ఉండదు గనక రఘువీర్ గదిలో స్టూలు మీదే కూర్చుని, తెల్లారి మొదటి మెట్రోకి బేర్ సరాయ్ వెళ్ళి, పగలు నిద్రపోయి, సాయంత్రం మళ్ళీ వచ్చేవారు. కమిటీవాళ్ళు ఈయనకి ఇంత పని చెప్పారా అని నాకు అనుమానం రాలేదు. నా దుఃఖంలో నేనుండి అడగలేదు.

జూన్ ఇరవయ్యో తారీకు సాయంత్రం కింద గొడవ వినబడింది. ఆయనకి క్యారేజీ ఇద్దామని దిగుతున్నాను. భరద్వాజ్‌గారు ఫోను ముందుకు చాపి, హిందీలో అరుస్తున్నారు.

"ఇది కెమెరానా, బొగ్గుల కొట్టా? గేటు కనబడదు, మనిషి కనబడడు. రేపు దొంగ వస్తే ఎవరు జవాబు? ఎవరు చెప్పారు నీకు ముట్టుకోమని?"

"నంబర్లు కనబడుతున్నాయి ప్రధాన్‌జీ. ఇంకో పది రోజులు ఉంచండి. చేతులు జోడిస్తాను."

"దీవాళీకి కూడా ఇలాగే నల్లగా పెట్టావు. ఇదే మాట చెప్పావు. నేను ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తెల్లగా చేశావు కదా. ఏడు నెలలు హాయిగా పగల్లా కనబడింది. ఇప్పుడేం రోగం?"

మాణిక్యంగారు నన్ను చూశారు. మెట్ల మీద క్యారేజీతో నిలబడ్డ నన్ను. భరద్వాజ్‌గారు కూడా చూసి, "నమస్తే భాభీజీ" అని గొంతు తగ్గించి, "ఈ రాత్రికల్లా సరిచెయ్" అని వెళ్ళిపోయారు.

నేను కిందికి దిగాను.

"దీపావళికి ముందు నంబర్లు కనబడేవా?" అని అడిగాను.

"కనబడేవమ్మా."

"మార్చింది మీరేనా?"

"నేనే."

"మారిస్తే కనబడవని ఆయనకి చెప్పారా?"

ఆయన నిచ్చెన పట్టుకున్నారు. "మొదటి రెండుసార్లు ఫోన్ చేసినప్పుడు చెప్పబోయాను. వినలేదు. మూడోసారి మెస్సులో ఉన్నాను. పెరుగన్నం కలుపుకుంటున్నాను. చెబితే మళ్ళీ పది నిమిషాలు వాదించాలి. అన్నం ముందుంది. ఎడమ చేత్తో ఫోన్లోనే మార్చేశాను. ఆయన వెంటనే గ్రూపులో ఫొటో పెట్టి, వాహ్ మాణిక్యం అని రాశాడు. నాకు సంతోషం వేసింది కూడా."

నేను క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"మీ ఆయనగారి వీడియో తీసి పోలీసులకివ్వమని నన్నే పిలిచారమ్మా. అందరికంటే ముందు చూసింది నేనే. ఆ తెల్లటిది చూడగానే తెలిసింది. కమిటీవాళ్ళు నన్ను మళ్ళీ పిలవలేదు. నా అంతట నేనే వచ్చాను. స్టూలు అడగడానికి కాదు. చెబుదామని మెట్లెక్కాను. మీ మొహం చూశాక స్టూలు అన్నాను."

క్యారేజీ తీసుకుని పైకి వచ్చేశాను. ఆ రోజు ఆయనకి అన్నం పెట్టలేదు. తర్వాత కూడా పెట్టలేదు.

ఆ రాత్రి కెమెరా మళ్ళీ తెల్లబడింది. ఆయన చెయ్యనంటే, భరద్వాజ్‌గారు వేరే మనిషిని పిలిచి చేయించారు. బాల్కనీలోంచి చూస్తే మాణిక్యంగారు రఘువీర్ గది ముందు కూర్చుని ఉన్నారు. కెమెరా పోయాక ఇక ఏం చూస్తారు? రోడ్డు చూస్తున్నారు. ట్యాంకరు వస్తే లేచి నిలబడుతున్నారు. కంటితో నంబరు చదువుదామని. ట్యాంకరు దీపాలు మొహాన కొట్టి పోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు.

నాకు కోపం వచ్చింది అనాలో ఏమనాలో తెలీదు. రెండు వారాలు నా చేతి అన్నం తిన్నారు. మా ఆయన కూర్చునే పీట మీద కూర్చుని తిన్నారు. ట్యాంకరు డ్రైవరు మొహం నాకు తెలీదు, ఈయన మొహం తెలుసు. తెలిసిన మొహం మీదే నా మనసంతా పడింది. గిన్నెలు తోముతుంటే చేతిలోంచి పళ్ళెం జారింది. నా పేరు చెక్కిన పళ్ళెం. తీసి వెనక్కి పెట్టేశాను.

మూడో రోజు అక్షర పైకి వచ్చి చెప్పింది. కాలేజీ నుంచి వస్తుంటే ఆయన ఆపారట. "మమ్మీ, ఉన్‌కే పాస్ అప్‌నా ఏక్ కెమెరా హై. ఆయన సొంతదంట, మన బాల్కనీ రెయిలింగ్‌కి పెడతారంట. కమిటీ పర్మిషన్ అక్కర్లేదంట. నీ పర్మిషన్ చాలంట." అని, బ్యాగు దించి, "నో చెప్పమంటే చెప్పేస్తా" అంది.

నేను బియ్యం ఏరుతున్నాను. గింజ గింజా ఏరి, చేట దించి, "ఇంకా ఎన్ని రోజులుంది నెలాఖరుకి?" అన్నాను.

"సాత్ దిన్. ఏడు రోజులు."

"రమ్మను."

ఆయన చెప్పులు కింద మెట్టు దగ్గరే విడిచి వచ్చారు. వంటింటి వైపు చూడలేదు. నేను ఆయన వైపు చూడలేదు. బాల్కనీ ఎత్తుగా ఉంది గాని మలుపు దూరంగా ఉంది గనక పరవాలేదని, దూరం పెరిగితే వాలు తగ్గుతుందని అక్షరకే చెబుతూ బిగించారు. పాత కెమెరా, దాని గాజు మాత్రం కొత్తది. సర్దుకోవడానికి ప్లేటు అడగలేదు. నేనే తీసుకుని వెళ్ళి మలుపు దగ్గర నిలబడ్డాను. ఈసారి ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. అక్షర బాల్కనీలోంచి చేత్తో సైగ చేసింది, చాలు రమ్మని. పని అయ్యాక ఆయన మంచినీళ్ళు కూడా ముట్టకుండా దిగిపోయారు.

ఇరవై అయిదో తారీకు రాత్రి ఆ బండి వచ్చింది.

రెండుంబావు. నేను నిద్రపోవడం లేదు. పసుపు దీపం, తెల్ల దీపం. మలుపు అదే రకంగా, మరీ దగ్గరగా తీసింది. నేను బాల్కనీ ఊచలు పట్టుకున్నాను. కింద మాణిక్యంగారు లేచి నిలబడ్డారు. బండి పోయాక, ఫోన్లో చూసి, పైకి నా వైపు చూశారు. తల అడ్డంగా ఊపారు.

చివరి అంకె మీద బురద. మిగతావన్నీ ఉన్నాయి. ఒక్కటి లేదు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదైనా కావచ్చు.

ఇరవై ఆరు, రాలేదు. ఇరవై ఏడు, రాలేదు. ఇరవై ఎనిమిది మధ్యాహ్నం మొదటి వాన పడింది. గల్లీలో పిల్లలు తడుస్తున్నారు. నేను వాన చూస్తూ, ఎక్కడో ఆ బండి కూడా తడుస్తూ ఉంటుంది కదా అనుకున్నాను. ఆ రాత్రి ఒంటిగంట దాటాక వచ్చింది. అదీ మా ఆయన వచ్చే వేళే. నల్లటి తెర మీద నంబరు మొత్తం, కడిగినట్టు.

మర్నాడు స్టేషన్‌కి ముగ్గురం వెళ్ళాం. ఆటోలో నేనూ అక్షరా వెనక, ఆయన డ్రైవరు పక్కన ముడుచుకుని.

ఎస్సై రెండు వీడియోలూ చూశాడు. "దీన్లో నంబరుంది, యాక్సిడెంటు లేదు. దాన్లో యాక్సిడెంటు ఉంది, నంబరు లేదు. రెండూ ఒకే బండి అని ఎవరంటారు?"

మాణిక్యంగారు దీపాలు చూపించారు. నల్లటి బొమ్మకి వెలుగు పెంచి, మెట్లకి కట్టిన పీలిక, దాని ముడి లీలగా తేలితే చూపించారు. ట్యాంకు కింద సొట్ట చూపించారు. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి వేలితో కొలిచారు. ఎస్సై ముందుకు వంగాడు.

"ఠీక్ హై. కానీ ఈ వీడియోలు ఈ కెమెరాలవే, ఎవరూ ఏమీ మార్చలేదు అని కెమెరాలు చూసుకునే మనిషి రాసి సంతకం పెట్టాలి. రేపు కోర్టులో వాళ్ళ వకీలు అడుగుతాడు, ఒకే బండికి ఇక్కడ నంబరు తెల్లగా ఎందుకుంది, అక్కడ సాఫ్‌గా ఎందుకుంది అని. అది కూడా రాయాలి. కెమెరావాలా ఎవరు?"

"నేనే సాబ్" అన్నారు మాణిక్యంగారు. కాయితం అడిగి తీసుకున్నారు.

బెంచీ మీద కూర్చుని చాలాసేపు రాశారు. ఆయన హిందీ అక్షరాలు పెద్దవి, ఒక్కొక్కటీ విడివిడిగా. రాసి అక్షర చేతికిచ్చి, "తప్పులుంటే చూడమ్మా" అన్నారు. అక్షర చదివి, నాకు తెలుగులో చెప్పింది. "దీపావళికి ముందు రాత్రి నంబర్లు కనబడేలా కెమెరా పెట్టాను. ప్రధాన్ భరద్వాజ్‌గారు చీకటిగా ఉందంటే, దీపావళి వెళ్ళిన మూడో రోజు నేనే మార్చాను. మారిస్తే నంబర్లు కనబడవని నాకు తెలుసు. చెప్పవలసినంత గట్టిగా చెప్పలేదు."

ఎస్సై చదివి పెన్ను తిప్పి చూపించాడు. "ఈ ఆఖరి రెండు మాటలు అక్కర్లేదు. కొట్టేయ్. నీ పని పోతుంది."

"ఉండనీయండి సాబ్" అన్నారు ఆయన. సంతకం పెట్టారు.

ఫైలు ఆ నెలాఖరున మూతపడలేదు. బండి పట్టుకొచ్చారు. దీపం మార్చేశారు గాని సొట్ట ఉంది. డ్రైవరు వారం తర్వాత దొరికాడు. ఇరవై రెండేళ్ళవాడట. ఎస్సై పేరు చెప్పాడు. నేను మళ్ళీ ఆ పేరు పలకలేదు. అదే రోజు బెయిలు కూడా వచ్చిందన్నాడు. కోర్టు మొదటి తారీకు నవంబరులో ఇచ్చారు.

మా ఆయన తిరిగొచ్చేది ఏమీ లేదు. ఇదివరకు రాత్రిళ్ళు ప్రతి ట్యాంకరు చప్పుడుకీ ఇదేనా అని లేచేదాన్ని. ఇప్పుడు ఇది కాదు అని తెలిసి లేస్తున్నాను. అంతే తేడా.

మాణిక్యంగారి పని పోయింది. భరద్వాజ్‌గారు ఆ కాయితం సంగతి తెలిసి, కమిటీ గ్రూపులో ఆయన గురించి పెద్దగా రాశారు. పక్క రెండు గల్లీలవాళ్ళు కూడా మానిపించారు. మా గేటుకి వేరే కంపెనీవాళ్ళు వచ్చి నాలుగు కెమెరాలు పెట్టారు. రాత్రి పగల్లా ఉంటుంది గేటు దగ్గర. బేర్ సరాయ్ హాస్టళ్ళు మాత్రం ఆయనకి మిగిలాయి. అక్కడ గేటు దగ్గర పిల్లల బైకులే గాని ట్యాంకర్లు లేవు.

జూలై ఆఖరి ఆదివారం మధ్యాహ్నం ఆయన వచ్చారు, బాల్కనీలో కెమెరా విప్పుకుపోవడానికి. చెప్పులు కింద మెట్టు దగ్గరే విడిచారు.

"దాన్ని ఉండనీయండి అన్నయ్యగారూ" అన్నాను.

"దేనికమ్మా ఇంక?"

"ఎవరికైనా కావలసి రావచ్చు. ఆ మలుపు అలాగే ఉందిగా."

ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్ళబోయారు.

"అన్నం తిని వెళ్ళండి."

నిలబడిపోయారు. నేను లోపలికి వెళ్ళి వెనక పెట్టేసిన పళ్ళెం తీసి కడిగాను. అన్నం వేడిచేశాను. పప్పు, దోసకాయ పచ్చడి. పీట వాల్చాను. ఆయన కూర్చున్నారు. తలెత్తకుండా తిన్నారు. నాకు ఆయన మీద మనసు కరిగిందని చెప్పను. కొన్ని గింజలు ఎంత ఉడికించినా ఉడకవు, అలాంటిది ఒకటి లోపల ఉండిపోయింది, ఉంటుంది. అయినా ఆ కాయితం మీద ఆఖరి రెండు మాటలు కొట్టెయ్యని మనిషి అని కూడా నాకు తెలుసు.

పెరుగు వేశాను. కలుపుకుంటుండగా పక్కన పెట్టిన ఫోను మోగింది. తెర మీద ఏదో హాస్టలు పేరు. ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"తియ్యండి, పరవాలేదు" అన్నాను.

"తిన్నాక మాట్లాడతానమ్మా. వాళ్ళకి మొత్తం వివరంగా చెప్పాలి" అన్నారు.

ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆయన పెరుగన్నం మొత్తం తిని, లేచి చెయ్యి కడుక్కుని, బాల్కనీలోకి వెళ్ళి ఫోను చేశారు. "రాత్రి బైకుల నంబర్లు చదవాలంటే కొంచెం నల్లగా కనబడుతుంది బాబూ. ఎందుకో చెబుతాను, విను" అంటున్నారు. నేను పళ్ళెం తీసి తోమడానికి వేశాను.